‘ది రెడ్ స్లీవ్’లో దొగిమ్ నిజంగానే రాజును కాదందా?

‘ది రెడ్ స్లీవ్’ అనే కొరియన్ చారిత్రక సీరియల్ 17 ఎపిసోడ్లూ వరసపెట్టి చూశానని, చివరి రెండూ చూశాక నిద్ర పట్టలేదని రాశారు. అందులోని దొగిమ్ అనే అంతఃపుర పరిచారిక నిజంగా ఉందా, ఉపపత్నివి కమ్మని సాక్షాత్తూ రాజు అడిగితే రెండుసార్లు కాదనడం నిజమేనా, కొరియన్ రానివాళ్లు ఇదంతా తెలుసుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు.

ఉంది. కాదంది. రెండుసార్లూ కాదంది. ఆ సంగతి తన చేత్తో రాసిపెట్టింది ఆ రాజే.

నేను ఉద్యోగం మీద ఆరేళ్లు సువొన్‌లో ఉన్నాను. శాంసంగ్ ఎలక్ట్రానిక్స్ ప్రధాన కార్యాలయం ఉన్న ఊరు కనుక మన తెలుగువాళ్లు అక్కడ బాగానే కనిపిస్తారు. ఆ ఊరి నడిబొడ్డున హ్వాసొంగ్ అనే కోట ఉంది. దాని గోడ చుట్టుకొలత 5.7 కిలోమీటర్లు. కట్టించింది మీరు సీరియల్లో చూసిన రాజు యీ సానే. చరిత్రలో ఆయన పేరు జొంగ్జో రాజు. సెలవు రోజుల్లో ఆ గోడ వెంట నడుస్తూ, ద్వారాల దగ్గర బోర్డుల మీది అక్షరాలు కూడబలుక్కుని చదవడంతో నా కొరియన్ మొదలైంది. అక్కణ్ణుంచి ఆ రాజు, ఆయన తండ్రి కథ, ఈ అమ్మాయి కథ నన్ను వదల్లేదు. అందుకే సమాధానం కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు ఆ రాత సంగతి. దొగిమ్ 1753లో పుట్టింది. తండ్రి హొంగ్ బొంగ్‌హన్ అనే పెద్ద మంత్రి ఇంట్లో వ్యవహారాలు చూసే నౌకరు. ఆ మంత్రి కూతురే యీ సాన్ తల్లి హ్యేగ్యొంగ్. ఆ ఇంటి పరిచయంతోనే దొగిమ్ 1762లో పదేళ్లయినా నిండని పిల్లగా అంతఃపురంలో అడుగుపెట్టి హ్యేగ్యొంగ్ నీడన పెరిగింది. 1786లో చనిపోయింది. పోయినవారి జీవితం గురించి రాసి సమాధిలో ఉంచే ఆచారం అక్కడ ఉంది, ఆ రాతను మ్యోజిమ్యొంగ్ అంటారు. దొగిమ్ కోసం ఆ రాతను రాజు ఇంకొకరికి అప్పగించలేదు, తానే రాశాడు.

అందులో ఆయన చెప్పింది ఇదీ. మొదటిసారి తాను కోరినప్పుడు ఆమె ఏడ్చింది. అతని భార్యకు ఇంకా బిడ్డలు కలగలేదు గనుక తాను ఒప్పుకోలేనంది, ప్రాణం పోయినా సరే ఆ ఆజ్ఞ పాటించనంది. ఆ మాటకు మనసు కదిలి ఇక ఒత్తిడి చేయలేదు. పదిహేనేళ్లు గడిచాయి. వేరే స్త్రీలను అంతఃపురానికి ఎంపిక చేసుకున్న రోజుల్లో మళ్లీ అడిగాడు. మళ్లీ గట్టిగా కాదంది. అప్పుడు ఆమె దగ్గర పనిచేసే మనిషిని శిక్షించాడు. ఆ తరువాతే ఆమె ఒప్పుకుంది.

ఈ చివరి ముక్క మొదటిసారి చదివిన రోజు నాకు ఇంకో పని చేయబుద్ధి కాలేదు. ప్రేమించిన మనిషి పోయాక రాసుకునే రాతలో, తాను ఆమెను ఎలా లొంగదీసుకున్నాడో ఒక రాజు దాచకుండా చెప్పాడు. ఆయన రాయకపోతే మనకు తెలిసే దారే లేదు. ఆ నిజాయితీకి నేను దండం పెడతాను. అదే సమయంలో, ఆమె ఒప్పుకోవడం వెనక ఇంకో మనిషి ఒంటి మీద పడిన దెబ్బలున్నాయన్నది మరచిపోలేను. సీరియల్లో మనం ఆమె ముఖం చూస్తూ ఉంటాం, మనసు ఎటు ఊగుతోందో తెలుస్తూ ఉంటుంది. రాజు రాతలో ఆ మనసు లేదు. ఏం చేసిందో ఉంది, ఏమని చెప్పిందో ఉంది, అంతే.

వయసులు కూడా చూడండి. మొదటిసారి అడిగింది 1766 ప్రాంతంలో. అంటే ఇద్దరికీ పదమూడు, పద్నాలుగేళ్లు. తెర మీద పెద్దవాళ్ల మధ్య జరిగిన ఆ ఘట్టం నిజానికి ఇద్దరు పిల్లల మధ్య జరిగింది. ఒక పిల్ల కాబోయే రాజు ముందు నిలబడి చావుకైనా సిద్ధమంది. సీరియల్ చెప్పే కారణం, తనదంటూ ఉన్న చిన్న బతుకును వదులుకోలేకపోవడం. రాజు రాత చెప్పే కారణం రాణి మీద గౌరవం. ఏది నిజమని నన్ను అడిగితే, నా ఉద్దేశం చెబుతాను. పనిమనిషి రాజకుమారుడికి ‘నాకిష్టం లేదు’ అని చెప్పగలిగే కాలం కాదది. ఎవరూ తప్పుపట్టలేని కారణం ఒక్కటే ఆమె చేతిలో ఉంది, రాణికి ఇంకా సంతానం లేదన్నది. దాన్ని ముందు పెట్టింది. దాని వెనక ఏముందో ఆమెతోనే పోయింది. సీరియల్ రాసినవాళ్లు సరిగ్గా ఆ ఖాళీలోనే కూర్చుని కథ అల్లారు. ఖాళీని గుర్తించడం కూడా చరిత్ర తెలిసినవాళ్లు చేసే పనే, అందుకే ఈ సీరియల్ మీద నాకు అంత గౌరవం.

ఆమె నోటి మాట మిగల్లేదు గానీ చేతిరాత మిగిలింది. తన స్నేహితురాళ్లతో కలిసి కథల పుస్తకాన్ని చూసి రాసే సన్నివేశాలు గుర్తున్నాయి కదా? అది కల్పన కాదు. 1773లో ‘గ్వాక్‌జాంగ్ యాంగ్‌మున్‌నోక్’ అనే పెద్ద నవలకు అంతఃపుర స్త్రీలు ప్రతి తయారుచేశారు. రాసినవాళ్లలో యీ సాన్ చెల్లెళ్లు ఇద్దరున్నారు. దొగిమ్ ఉంది. ఇంకా యొంగ్‌హీ, గ్యొంగ్‌హీ, బొగ్యొన్ అనే పరిచారికలు ఉన్నారు. ఆ మూడు పేర్లు ఎక్కడో విన్నట్టు లేదూ? సీరియల్లో దొగిమ్ ప్రాణ స్నేహితురాళ్ల పేర్లు అవే. రెండు వందల యాభై ఏళ్ల నాటి ఒక పుస్తకంలో పక్కపక్కన ఉన్న పేర్లను తీసుకుని వాళ్లకు స్నేహం కట్టారు. యువరాణులూ పనివాళ్లూ ఒకే కథను పంచుకుని తలో కొంత రాశారన్నది నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా ముచ్చటైన విషయం. అది కొరియన్ల సొంత లిపి హంగుల్‌లో రాసిన పుస్తకం. మగవాళ్ల రాజ్యం చీనా అక్షరాల్లో నడిచేది, ఆడవాళ్ల చదువంతా హంగుల్లో సాగేది.

ఇప్పుడు 1762కి వెళ్దాం. దొగిమ్ అంతఃపురానికి వచ్చిన ఏడాదే అక్కడ ఘోరం జరిగింది. రాజు యొంగ్జో తన కొడుకు, యువరాజు సాదోను బియ్యం పోసుకునే పెద్ద చెక్కపెట్టెలో పెట్టించి మూత వేయించాడు. ఎండాకాలం. ఎనిమిదో రోజుకు అతను చనిపోయాడు. వయసు 27. అతని కొడుకు యీ సాన్‌కు అప్పటికి పదేళ్లు నిండలేదు. మనకు కాలం అందడానికి చెబుతాను, హైదరాబాద్‌లో నిజాం అలీఖాన్ గద్దెకెక్కింది కూడా ఆ సంవత్సరమే.

సీరియల్లో తాతగా లీ దొక్‌హ్వా చేసిన ఆ యొంగ్జో, జోసొన్ (అప్పటి కొరియా రాజ్యం పేరు) రాజుల్లో అందరికన్నా ఎక్కువ కాలం, 1724 నుంచి 1776 దాకా ఏలాడు. అతని తల్లి కూడా అంతఃపురంలో కింది పనులు చేస్తూ వచ్చిన మనిషే. పుట్టుక గురించిన గుసగుసలు అతన్ని జీవితమంతా వెంటాడాయి. ప్రేమగా నవ్వుతూ ఉన్నట్టుండి విషం కక్కే ఆ ముసలాయన అతి నటన కాదు, దొరికిన రాతలను బట్టి చూస్తే మనిషి అలాంటివాడే.

బియ్యప్పెట్టె సంగతి మనకెలా తెలుసు? ఇక్కడే మీ మూడో ప్రశ్నకు, అంటే ఎలా వెతకాలన్నదానికి నిజమైన జవాబుంది. జోసొన్ రాజ్యంలో జరిగిన ప్రతిదీ రాసేవాళ్లు. రాజు ఎక్కడుంటే అక్కడ చరిత్ర రాసేవాళ్లు కూర్చునేవాళ్లు. రాజు చనిపోయాక ఆ నోట్సులన్నీ కలిపి ఆ పాలనకు ఒక చరిత్ర తయారుచేసేవాళ్లు, దాన్నే సిల్లోక్ అంటారు. తన గురించి ఏం రాశారో చూసే హక్కు రాజుకు లేదు. 1404లో తెజొంగ్ రాజు వేటకెళ్లి గుర్రం మీంచి పడ్డాడు. లేచి దులుపుకుని మొట్టమొదట అన్న మాట, ఇది చరిత్ర రాసేవాడికి తెలియనివ్వకండి అని. ఆ పడటమూ ఉంది, ఆ మాటా ఉంది సిల్లోక్‌లో. 1392 నుంచి 1863 దాకా 472 ఏళ్లు, 25 మంది రాజులు, 888 పుస్తకాలు. 1997లో యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది.

అవి మిగలడం కూడా ఒక కథ. నాలుగు చోట్ల నాలుగు ప్రతులు దాచేవాళ్లు. 1592లో జపాన్ సేనలు దండెత్తినప్పుడు మూడు కాలిపోయాయి. జొంజు ఊళ్లోని నాలుగో ప్రతిని ఆన్ ఉయ్, సొన్ హొంగ్‌నోక్ అనే ఇద్దరు పండితులు నేజాంగ్ కొండల్లోకి మోయించి, వంతులవారీగా కాపలా కాశారు. వాళ్లు రాజోద్యోగులు కూడా కారు. ఆ ఇద్దరి పుణ్యాన మొదటి రెండు వందల ఏళ్ల చరిత్ర మన చేతికొచ్చింది. కొరియన్ చారిత్రక సీరియళ్లు ఎన్ని వచ్చినా కథలు తరగకపోవడం వెనక వాళ్లూ ఉన్నారు.

అంత పకడ్బందీగా రాసే సిల్లోక్, సాదోను బంధించిన రోజు లోపల గట్టిగా బంధించమని ఆజ్ఞ అయిందని మాత్రం రాసి ఊరుకుంది. పెట్టె ప్రస్తావన లేదు. ఇంకొక రోజువారీ చిట్టా ఉండేది, రాజుగారి కార్యాలయం రాసే సుంగ్‌జొంగ్‌వొన్ ఇల్గి. సిల్లోక్ కన్నా ఎన్నో రెట్లు వివరంగా ఉంటుంది. అందులో చూద్దామంటే ఆ పేజీలు లేవు. 1776లో, తాత చనిపోవడానికి కొద్దికాలం ముందు, యీ సానే ఆయన కాళ్ల మీద పడి, తన తండ్రి గురించి అందులో ఉన్నవి తుడిచేయమని వేడుకున్నాడు. తాత ఒప్పుకున్నాడు. కాగితాలను నగరం వెలుపల వాగు దగ్గరికి తీసుకెళ్లి సిరా పోయేదాకా కడిగారు. వాళ్ల కాగితం ఎంత మన్నికదంటే కడిగి మళ్లీ వాడుకునేవాళ్లు. తండ్రి అవమానం ప్రపంచానికి కనిపించకూడదన్నది కొడుకు బాధ. దానివల్ల మనకు పోయింది చాలా ఉంది. అయినా ఆ వాగు ఒడ్డున నిలబడ్డప్పుడు అతన్ని నేను తప్పుపట్టలేకపోయాను.

పెట్టె గురించి ఇంత వివరంగా తెలిసిందంటే కారణం సాదో భార్య, యీ సాన్ తల్లి హ్యేగ్యొంగ్. ఆమె 1795 నుంచి 1805 మధ్య నాలుగు విడతలుగా తన జ్ఞాపకాలు రాసింది. కొరియన్లు దాన్ని ‘హాన్‌జుంగ్‌నోక్’ అంటారు. జహ్యున్ కిమ్ హబూష్ చేసిన ఇంగ్లిష్ అనువాదం 1996లో వచ్చింది. మీరు ఒక్కటే చదవగలిగితే అదే చదవండి. భర్తకు బట్టలు వేసుకోవాలంటే వణుకు పుట్టడం, ఒక జత వేసుకోవడానికి ఎన్నో జతలు తగలబెట్టించడం, కోపంలో నౌకర్లను చంపడం, తెగిన తల పట్టుకుని గదిలోకి రావడం, అన్నీ ఆమె దాచకుండా చెబుతుంది. ఆ ఇంట్లో ఉన్న మనిషి కాబట్టి ఆ పేజీలు చదువుతుంటే ఊపిరాడదు.

కానీ ఆమె ఎందుకు రాస్తోందో మరచిపోకూడదు. పెట్టె తెచ్చి ఇచ్చింది ఆమె తండ్రి హొంగ్ బొంగ్‌హనే అని శత్రువులు ప్రచారం చేశారు. 1800లో కొడుకు చనిపోయాక, 1801లో ఆమె తమ్ముడికి మరణశిక్ష పడింది. పుట్టింటి పరువు నిలబెట్టడానికి, మనవడు నిజం తెలుసుకోవడానికి ఆమె కలం పట్టింది. సాదోకు జబ్బు ఉందని చెబితే, ఎవరి కుట్రా లేదని, తన తండ్రి తప్పూ లేదని తేలుతుంది. అందుకని అబద్ధం చెప్పిందని నేను అనను. జబ్బు నిజమే అనిపిస్తుంది. తన తండ్రి ఆ రోజుల్లో ఏం చేశాడన్న చోట మాత్రం కాస్త నెమ్మదిగా చదువుతాను. ఆ తమ్ముడికి శిక్ష వేయించింది ఎవరనుకున్నారు? సీరియల్లో మెత్తగా మాట్లాడుతూ పూలు పంచే చిన్న వయసు మహారాణి జొంగ్‌సున్. 1759లో పదిహేనేళ్లయినా నిండకుండా 60 దాటిన యొంగ్జోను పెళ్లి చేసుకున్న ఆ అమ్మాయే, నలభై ఏళ్ల తరువాత రాజ్యం చేతికొచ్చినప్పుడు అన్ని లెక్కలూ తేల్చింది. ఆ పాత్ర చూపులో ఉండే చల్లదనం ఊరికే పెట్టలేదు.

సీరియల్లో పూర్తి కల్పన ఏదంటే, పరిచారికల రహస్య సంఘం గ్వాంగ్‌హాన్‌గుంగ్. వందలమంది అంతఃపుర స్త్రీలు కలిసి రాజును ఎంచుకోవాలనుకోవడం చరిత్రలో లేదు. దాన్ని నడిపించే పెద్ద పరిచారిక జో కూడా కథకోసం పుట్టిందే. కానీ దానికి విత్తనం దొరికే చోటు ఒకటుంది. 1777 ఏడో నెల 28న రాత్రి జొంగ్జో గ్యొంగ్‌హీ రాజభవనంలో అలవాటు ప్రకారం చదువుకుంటున్నాడు. కప్పు మీద అడుగుల చప్పుడు వినిపించింది. పెంకులు విసిరారు, ఇసుక చల్లారు. దీపాలు పట్టుకుని వెతికితే మనుషులు కప్పు మీదికి ఎక్కిన జాడలున్నాయి. ఇది సిల్లోక్‌లో ఉంది, ఏ సినిమావాడూ దీన్ని మించి రాయలేడు. కొద్దిరోజులకు మళ్లీ ప్రయత్నించి దొరికిపోయారు. విచారణలో, లోపలి దారి చూపించినవాళ్లలో కాంగ్ వొల్‌హ్యే అనే పరిచారిక ఉందని తేలింది. చంపడానికి వచ్చిన కాపలాదారుల్లో ఒకడు ఆమె తండ్రి. గోడల లోపల ఏం జరుగుతుందో, ఎవరు ఎప్పుడు ఎక్కడ పడుకుంటారో తెలిసినవాళ్లు ఈ ఆడవాళ్లేనన్నది నిజం. సీరియల్ ఆ నిజాన్ని పట్టుకుని పెద్దది చేసింది.

యొంగ్‌హీకి కాపలాభటుడితో ప్రేమ, దానికి పడిన శిక్ష చూసి మీకు అతి అనిపించి ఉండవచ్చు. ఆ మనిషికి నిజంగా అలా జరిగిందనడానికి ఆధారం లేదు. శిక్ష మాత్రం నిజం. 1746 నాటి చట్టసంహితలో, బయటి మగవాడితో సంబంధం పెట్టుకున్న పరిచారికకూ అతనికీ ఇద్దరికీ మరణదండన రాసి ఉంది. చొక్కా చేతి అంచున ఎర్రపట్టీ అంటే రాజు సొత్తని గుర్తు, పేరులోని ఎరుపు అదే.

హొంగ్ దొంగ్నోగా కనిపించే అందమైన స్నేహితుడు నిజంగా ఉన్నాడు, చరిత్రలో ఎక్కువగా వినిపించే పేరు హొంగ్ గుగ్యొంగ్. చెల్లెల్ని రాజుకు ఇవ్వడం, 1779లో ఆమె చిన్నతనంలోనే పోవడం, అదే ఏడు పదవి పోగొట్టుకోవడం, 1781లో ముప్పై మూడేళ్లకే రాజధానికి దూరంగా చనిపోవడం, అన్నీ జరిగినవే.

‘గుమ్‌దుంగ్’ అనే రహస్యపత్రం గురించి చాలామంది అడుగుతారు. కొడుకును చంపుకున్నందుకు యొంగ్జో రహస్యంగా రాసుకున్న పశ్చాత్తాపం అది. 1793లో జొంగ్జో దానిలోని రెండు పంక్తులు మాత్రం మంత్రులకు చూపించాడు. అసలు కాగితం ఎవరూ చూడలేదు. రాసిందంతా తాత చేత్తోనేనా, మనవడి అవసరం కొద్దీ బయటికొచ్చిందా అన్నది ఈనాటికీ వాదనే. నాకైతే, పశ్చాత్తాపం లేని తండ్రి ఉంటాడని నమ్మబుద్ధి కాదు. అది చరిత్ర కాదు, నా మనసు మాట.

పట్టాభిషేకం రోజు ‘నేను యువరాజు సాదో కొడుకుని’ అన్నాడని మీరు ఇతర సీరియళ్లలోనూ చూస్తారు. మంత్రులు వణికిపోతారు, డప్పులు మోగుతాయి. 1776 మూడో నెల పదో తేదీన ఆ మాట నిజంగానే అన్నాడు. అయితే దాని తరువాతి వాక్యాలు ఎవరూ తెర మీద చూపించరు. తాతగారు తనను పెదనాన్నకు దత్తత ఇచ్చారనీ, ఆ ఏర్పాటు దాటరాదనీ, చనిపోయిన తన తండ్రికి రాజు హోదా ఇవ్వాలంటూ ఎవరైనా వస్తే శిక్ష తప్పదనీ అదే నోటితో చెప్పాడు. పగ తీర్చుకునే వీరుడు కాదు అక్కడున్నది. కన్నతండ్రి పేరు ఒక్కసారి పైకి అనుకోవాలని పద్నాలుగేళ్లు ఎదురుచూసి, అని, వెంటనే తన నోరు తానే కట్టుకున్న పాతికేళ్లు నిండని కుర్రాడు. ఈ రూపమే నాకు ఎక్కువ బాధ కలిగిస్తుంది.

ఇక మీరు స్వయంగా వెతకడం ఎలా అంటే, సిల్లోక్ మొత్తం కొరియన్ అనువాదంతో, మూలంతో సహా ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంది. కొరియా ప్రభుత్వ చరిత్ర సంస్థ నడుపుతోంది. రాజు, సంవత్సరం, నెల, రోజు నొక్కుతూ వెళ్లాలి. బ్రౌజర్ అనువాదం పెట్టుకున్నా విషయం అర్థమవుతుంది, పేర్లు మాత్రం వికృతంగా మారతాయి కాబట్టి పేర్ల కొరియన్ అక్షరాలు పక్కన రాసి పెట్టుకోండి. అందులోని తేదీలన్నీ చాంద్రమానం. మన పంచాంగంలో అధికమాసం ఉన్నట్టే వాళ్లకూ ఉంటుంది. సాదో చనిపోయింది అధిక ఐదో నెలలో. ఈ లెక్క తెలియక చాలామంది తేదీలు తప్పాయని కంగారుపడతారు. వయసు పుట్టగానే ఒకటి, కొత్త సంవత్సరం రాగానే ఇంకొకటి చొప్పున లెక్కేసేవాళ్లు, అందుకే ఒక్కో పుస్తకంలో ఒక్కో వయసు కనిపిస్తుంది. జొంగ్జో, యొంగ్జో లాంటి పేర్లు చనిపోయాక పెట్టినవి, బతికున్న రాజును ఎవరూ అలా పిలవరు.

రాజు స్వయంగా రాశాడంటే అంతా నమ్మేయవచ్చా అనే సందేహం మీకు రావాలి. 2009లో ఒక వింత జరిగింది. జొంగ్జో తన చివరి నాలుగేళ్లలో సిమ్ హ్వాన్‌జీ అనే మంత్రికి రాసిన రహస్య లేఖలు దాదాపు మూడు వందలు బయటపడ్డాయి. ఆ మంత్రి రాజుకు బద్ధశత్రువని, రాజుకు విషం పెట్టించాడని కథలు ఉండేవి, సీరియళ్లు తీశారు. లేఖల్లో చూస్తే ఇద్దరూ కూడబలుక్కుని, రేపు సభలో నువ్విలా అను, నేనిలా అంటాను అని అనుకుంటున్నారు. చదివి తగలబెట్టెయ్ అని రాజు రాశాడు, మంత్రి దాచుకున్నాడు. తన ఒంట్లో మంట గురించి, నలత గురించి అతనికే చెప్పుకున్నాడు. విషప్రయోగం కథ అక్కడితో చాలావరకు చల్లబడింది. సిల్లోక్‌లో ఉన్న సభ సంభాషణల్లో కొన్ని ముందే కుదుర్చుకున్న నాటకాలని కూడా తేలింది. కాబట్టి ఎవరు, ఎవరికోసం, ఎప్పుడు రాశారన్నది ప్రతిసారీ అడగండి. దొగిమ్ సమాధి రాతను నేను నమ్మడానికి కారణం కూడా అదే. అందులో రాజుకు కలిసొచ్చేది ఏమీ లేదు.

సువొన్ వెళ్తే కోట తప్పకుండా చూడండి. 1789లో తండ్రి సమాధిని అక్కడికి దగ్గరగా మార్పించి, 1794 నుంచి 1796 దాకా ఆ కోట కట్టించాడు. జొంగ్ యాగ్యొంగ్ అనే పండితుడు బరువులెత్తే కప్పీల యంత్రం తయారుచేశాడు. పనివాళ్లకు కూలి ఇచ్చారు, ఎవరు ఎన్ని రోజులు పనిచేశారో పేర్లతో సహా రాశారు. ఆ పుస్తకం ఉండబట్టే, కొరియా యుద్ధంలో దెబ్బతిన్న కోటను 1970లలో ఉన్నది ఉన్నట్టు మళ్లీ కట్టగలిగారు. 1795లో తల్లి షష్టిపూర్తికి జొంగ్జో ఆమెను ఎనిమిది రోజుల యాత్రగా రాజధాని సోల్ నుంచి అక్కడికి తీసుకెళ్లాడు. హాన్ నది మీద పడవలు వరసగా కట్టి వంతెన వేశారు. ఆ ఊరేగింపు బొమ్మను సోల్‌లో చొంగ్గ్యే వాగు గోడ మీద పెంకుల్లో చిత్రించారు. 1,700 మందికి పైగా మనుషులున్నారు అందులో. రాజు కోసం వెతక్కండి. రాజు రూపం గీయకూడదు, ఆయన ఉండాల్సిన చోట జీను వేసిన ఖాళీ గుర్రం ఉంటుంది.

దొగిమ్ ఆ యాత్ర చూడలేదు. 1782లో ఆమెకు పుట్టిన కొడుకు మున్‌హ్యో, 1784లో యువరాజయ్యాడు, 1786 ఐదో నెలలో తట్టు సోకి పోయాడు. ఆ కొడుకు తరువాత పుట్టిన ఆడపిల్ల అంతకుముందే పసిగుడ్డుగానే పోయింది. అదే 1786 తొమ్మిదో నెలలో కడుపుతో ఉండగా దొగిమ్ కన్నుమూసింది. వచ్చే జన్మలో నన్ను చూసినా చూడనట్టు వెళ్లిపొండి అనే మాట సీరియల్ వాళ్లది. ఆ రోజు సిల్లోక్‌లో ఉన్నది రాజు మాట: ఇక రాజ్యవ్యవహారాలకు ఆధారమే లేకుండా పోయిందని. ఆమెను కొడుకు పక్కనే, సోల్‌లో ఇప్పుడు హ్యోచాంగ్ పార్కు ఉన్న చోట పాతిపెట్టాడు, తరచుగా వెళ్లి చూసుకునేవాడు.

1944లో జపాన్ పాలకులు ఆ సమాధులను అక్కణ్ణుంచి తీసి, గోయాంగ్‌లోని సొసామ్నుంగ్ రాచ శ్మశానానికి మార్చారు. రాజు తన తండ్రికి దగ్గర్లో, రాణి హ్యోఉయ్‌తో కలిసి వేరే ఊళ్లో ఉన్నాడు. గోయాంగ్‌లో తల్లిని ఒకచోట, బిడ్డను ఇంకోచోట పెట్టారు. నేను వెళ్లిన రోజు కొడుకు సమాధి దగ్గర కాసేపు నిలబడగలిగాను. తల్లి సమాధి, ఇతర ఉపపత్నుల సమాధులతో కలిపి, అప్పట్లో సందర్శకులను అనుమతించని కంచె అవతల ఉండిపోయింది.